పొద్దు కనిపించే మంచం

పోయిన వారం కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన ఒక ఆసుపత్రికి మా పెద్దమ్మను చూడటానికి వెళ్లాను. తలుపు తీయగానే ఫినాయిలూ కొత్త ప్లైవుడ్ జిగురూ కలిసిన వాసన ముక్కుకు కొట్టింది. మిట్టమధ్యాహ్నం ట్యూబ్‌లైటు వెలుగుతోంది. కిటికీ ఉండాల్సిన చోట జలపాతం బొమ్మ అంటించారు. నా ఒళ్లు మండిపోయింది. ఆ మంట నాకు నేర్పిన మనిషి డాక్టర్ అనసూయమ్మ.

శ్రీరాంపూర్ దగ్గర బొగ్గుబాయి కార్మికుల కోసం ఆమె చిన్న ఆసుపత్రి ఒకటి కట్టించాలనుకుంది. నేను అప్పుడే ఆర్కిటెక్చర్ చదువు ముగించాను. ఉన్న కాస్త స్థలంలో ఎన్ని గదులు పట్టించానో నక్షా పరిచి చూపించి, మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆమె రోగులను పరీక్షించే బల్ల వైపు చెయ్యి చూపింది.

"గీడ పండుకో బిడ్డా."

పడుకున్నాను.

"ఏం కనవడ్తుంది?"

"స్లాబు, మేడం."

"కాలిరిగినోడు పొద్దంత గదే చూస్కుంట పండాల్నా? బాయిల దిగేటోనికి బతుకంత చీకటే. మంచాన పడ్డా చీకటేనా? గదులైతే గీసినవ్, మనిషేడున్నడు?"

మళ్లీ గీశాను. నడుమ పైకప్పు లేని చిన్న వాకిలి, దాని చుట్టూ గదులు, ఏ మంచం మీద పడుకున్నా ఆకాశం కనిపించేలా. స్థలంలో వాటా ఉన్న ఆమె మరిది అడ్డు తగిలాడు. "ఖాళీ జాగ దండుగ వదినా, స్కానింగ్ వెడ్దాం" అన్నాడు. "జాగ దండుగైతే నా డాక్టరీ గూడ దండుగనే" అందామె. వాకిలి నిలిచింది. నడుము విరిగి, గోడకు తిరిగి పడుకుని అన్నం ముట్టని మల్లయ్య అనే కార్మికుడు, ఆ వాకిట్లో ఆడుకునే మనవరాలిని చూస్తూ మళ్లీ ముద్ద మింగడం నేను కళ్లారా చూశాను.

అనసూయమ్మ వయసు మీదపడి ఇంటిపట్టున ఉండిపోయాక మరిది ఆ వాకిలి మూసి గదులు చేశాడు. పక్షవాతం వచ్చినప్పుడు ఆమెను ఆ గదుల్లో ఒకదాంట్లోనే పడుకోబెట్టారు.

"బిడ్డా, పొద్దు వొడిసిందా, గూకిందా?" అని చూడటానికి వెళ్లిన నన్నడిగింది. పొద్దు పొడిచిందో అస్తమించిందో ఆ గదిలో తెలియడం లేదు; అప్పటికి పొద్దెక్కి చాలాసేపయింది.

నేను ఆమె మరిది మీద విరుచుకుపడ్డాను. "ఏసీ వెట్టిచ్చినం గదా, ఇంకేం తక్కువైంది?" అన్నాడు. నర్సూ నేనూ కలిసి మంచాన్ని ముందు వరండాలోకి తోశాం. పాదాల మీద ఎండ పడింది. వంకర పోయిన నోటితోనే, "గా గోడ ఎవడు కట్టుమన్నడు?" అంది.

కొద్దిరోజులకే పోయింది. సంతాపసభలో అందరూ శాంతమూర్తి అన్నారు. అబద్ధం. ఆమె కోపిష్టి. రోగిని సామానులా సర్దే ప్రతివాడి మీదా ఆమెకు కోపం. నాకు మిగిల్చింది ఆ కోపమే. అది చల్లారకుండా చూసుకుంటున్నాను.

మొన్న మంచిర్యాలలో ఒక ఆసుపత్రి యజమాని, నా నక్షాలో కిటికీలు తీసేసి మంచాలు పెంచమన్నాడు.

"మీ అవ్వను గిండ్ల పండవెడ్తరా?" అనడిగాను.

"మా అవ్వనెందుకు? హైదరాబాద్ తీస్కపోత గదా" అన్నాడు.

నక్షా చుట్టుకుని లేచి వచ్చేశాను.