కత్తికి ముందు మాట

సోలాపూర్‌లో మా దాజీపేటకు వచ్చే పశువుల డాక్టరుగారు చచ్చిన పశువుతో కూడా మాట్లాడేవారు. ఎలా చచ్చిందో కోసి చూడమని పోలీసులు పిలిస్తే, ముందు దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి "జర ఓర్చుకో తల్లీ" అనేవారు. ఆ తర్వాతే కత్తి తీసేవారు.

ఒక వానాకాలం మా బర్రె చచ్చిపోయింది. పక్కింటాయనే విషం పెట్టాడని నాయన ఫిర్యాదు చేశాడు. పోలీసులు పక్కింటాయన్ని తీసుకుపోయి చౌకీలో కూచోబెట్టారు.

డాక్టరుగారు బర్రె కడుపు కోశారు. లోపల గంజి నీలంగా ఉంది.

"ఈ గంజి ఎవరు పోసిండ్రమ్మా?"

"నేనే సాబ్. మగ్గం నూలుకు పెట్టంగ మిగిలింది, రాత్రి చీకట్ల పోసిన. రోజూ పోసేదే," అంది అమ్మ.

నాయన గోడకు చేరగిలబడ్డాడు. "వానలకు నూలు బూజు పడ్తదని నిన్న దాంట్ల మైలుతుత్తం కలిపిన. నీకు చెప్పుడు మర్చిపోయిన."

డాక్టరుగారు చేతులు కడుక్కొని రిపోర్టు కాగితం ముందు పెట్టుకున్నారు. పక్కింటాయన ఇంటికి రావాలంటే అందులో గంజి పోసింది అమ్మేనని ఉన్నదున్నట్టు రాయాలి. కలం తీసేముందు అమ్మ వైపు చూశారు.

"జర ఓర్చుకో తల్లీ," అన్నారు.