రాజు, ఆసు, రెండు

నేను పెళ్ళయి పూండి దగ్గర అత్తవారి ఊరు వచ్చేసరికి ఆ ఇంట్లో ఒక యుద్ధం నడుస్తోంది. దానికి కారణం కొబ్బరితోట సరిహద్దు కాదు, పొలం గట్టు కాదు. ఇస్పేటు ఆసు.

మా మావయ్యా, అత్తయ్య సొంత అన్నయ్యా, పక్క వీధిలో ఉండే రిటైరైన మాస్టారూ, ఈ ముగ్గురూ ముప్పయ్యేళ్ళుగా రోజూ మధ్యాహ్నం మా అరుగు మీద పదమూడు ముక్కల రమ్మీ ఆడేవారట. పందెం లేదు. మాస్టారు బాప్టిస్టు సంఘంలో పెద్ద. పైసా పందెం పెట్టినా లేచిపోతానని మొదటిరోజే చెప్పేశారట. ఓడినవాళ్ళు మిగతా ఇద్దరికీ కొబ్బరిబొండాలు కొట్టి ఇవ్వాలి, అంతే.

మా పెళ్ళికి ఆరు నెలల ముందు అత్తయ్య అన్నయ్య ఇస్పేటు రాజు, ఆసు, రెండు వరసగా పెట్టి ఆట అయిపోయిందన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. ఆసు రాణీ రాజుల పక్కన ఉండాలి, లేదా రెండూ మూడుల పక్కన ఉండాలి గాని, రాజునీ రెండునీ కలపడానికి అదేం వంతెన కాదన్నారు. మాస్టారిని తీర్పు అడిగితే, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందన్నారు. దాంతో ఇద్దరికీ ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆ రోజుతో ముగ్గురికీ మాటల్లేవు. మా పెళ్ళిపందిట్లో కూడా తలొక మూల కూర్చున్నారు. మావయ్య కాక మిగతా ఇద్దరినీ ఎక్కడో దూరపు ఊళ్ళనుంచి వచ్చిన, ఒకరికొకరు తెలియని చుట్టాలనుకున్నాను.

ఆట లేని మధ్యాహ్నాలన్నీ మావయ్య వంటింటి మీద పడ్డారు. పోపులో ఆవాలు ఎక్కువయ్యాయనేవారు. చేపల పులుసు కింద మంట తగ్గించి వెళ్ళేవారు. అత్తయ్య మళ్ళీ పెంచేది. ఒకరోజు జీడిపిక్కలు ఎండబోస్తూ ఆవిడ నన్ను అడిగింది, నా పెట్టెలో పేకాట ఉంటుందా అని.

పెట్టె అంటే నా కంప్యూటర్. పెళ్ళికి ముందు నేను కాశీబుగ్గలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. మా నాన్న నా సారెలో అరిసెల బుట్టలూ చలిమిడి గిన్నెలూ సర్ది, వాటి మధ్యన కంప్యూటర్ కూడా పెట్టి వ్యానులో పంపారు. ఊరంతా వచ్చి చూసి, టీవీ అనుకుని, బొమ్మ రాకపోయేసరికి జాలిపడి వెళ్ళారు. ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలో రమ్మీ ఆట ఉన్నట్టు గుర్తొచ్చి వెతికి ఎక్కించాను.

ఆట మొదలయ్యేముందు ఒక పేజీ వచ్చేది. ఎంతమంది ఆడతారు, ఎన్ని పేకలు, జోకర్లు ఎన్ని, ఏ నియమాలు, అన్నీ మనమే చెప్పాలి. ఎదుటి ఆటగాళ్ళు కంప్యూటర్ మనుషులు. వాళ్ళకు పేర్లు పెట్టుకోవచ్చు. ఒక్కో పేరు కిందా మూడు గీతలు. ఒకటి తెలివి, ఒకటి తెగింపు, ఒకటి జ్ఞాపకం. మౌసుతో జరిపితే సున్నా నుంచి పది దాకా కదులుతాయి.

అత్తయ్య ముక్క పట్టి ఎరగదు. కాని ముప్పయ్యేళ్ళు కిటికీ ఇవతలనుంచి ఆ ముగ్గురి ఆటా విన్నది. నా పక్కన పీట వేసుకుని కూర్చుని లెక్క చెప్పింది. వాళ్ళ అన్నయ్యకు తెగింపు పది, జ్ఞాపకం రెండు. మాస్టారికి తెలివి తొమ్మిది, తెగింపు సున్నా, అందుకే ముక్క వెయ్యడానికి వీలైనంత ఆలస్యం. ఉన్నది ఉన్నట్టు చెబుతోందని, మావయ్యకెంత అని సరదాగా అడిగాను. ఆవిడ గుమ్మంవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "తెలివి ఆరు సాలు" అంది. ఇద్దరం నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నాం.

నియమాల్లో ఆసు దగ్గర ఒక చిన్న గడి ఉంది. అందులో టిక్కు పెడితే రాజు, ఆసు, రెండు చెల్లుతాయి. తీసేస్తే చెల్లవు. మావయ్య ఆట కాబట్టి తీసేశాను.

మావయ్య మొదట ఆ గదిలోకే రానన్నారు. వచ్చాక లేవలేదు. ముక్క పారేసేటప్పుడల్లా మౌసుని బల్లకేసి కొట్టేవారు. నాలుగు ఆటలయ్యేసరికి తెరతో మాట్లాడటం మొదలుపెట్టారు. "ఏటి బావా, జోకర్ని పారేసినావు, మతుండే ఆడతన్నావా" అని ఆయన అంటుంటే వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంట్లో బావా అన్న మాట వినిపించి ఆరు నెలలు దాటింది.

చేపలమ్మే ఆవిడ బుట్ట దించి లోపలికి తొంగిచూసిన రోజునే కబురు బయటికి పోయింది. మర్నాడు అత్తయ్య అన్నయ్య సైకిలు మీద వచ్చారు. వరసకు నాకు పెదనాన్న. గుమ్మం దాటకుండా, మావయ్య అక్కడ లేనట్టే నన్ను అడిగారు. "నా పేరెట్టి ఆడతన్నారంట, నిజవేటమ్మా."

చూపించాను. జ్ఞాపకం గీత మీద రెండు చూసి ఆయన మొహం ఎర్రబడింది. తనకు మరుపు లేదని రుజువు చెయ్యడానికి ఇరవయ్యేళ్ళనాటి ఒక ఆటలో తన చేతిలోని పదమూడు ముక్కలూ అప్పజెప్పారు. పద్నాలుగు వచ్చాయి. కోపంగా వెళ్ళిపోయారు. ఆయన సైకిలు మాత్రం మా గోడకే ఆనించి ఉంది. సాయంత్రం దానికోసం వచ్చినప్పుడు నా వైపు చూడలేదు. నేను లోపలికి పరుగెత్తి మంచం మీద పడి నవ్వాను.

ఆ తర్వాతిరోజు మాస్టారు వచ్చారు. తెలివి తొమ్మిది చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తెగింపు సున్నా దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "ఒకటి సెయ్యమ్మా, పెద్ద తేడా ఏటి ఉండదు" అన్నారు. ఒకటి చేశాను.

అలా ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక మాస్టారూ, సైకిలు బయట గట్టిగా తాళం వేసుకుని పెదనాన్నా వచ్చి, మావయ్యతో కలిపి ముగ్గురూ ఒకే గదిలో పడ్డారు. మాట్లాడుకోరు. అన్నీ నాతోనే చెప్పిస్తున్నారు. తన పేరుతో ఆడితే తన నియమం ఉండాలని చెప్పమన్నారు పెదనాన్న. ఏది సరైనదో కంప్యూటర్నే అడగమని చెప్పమన్నారు మావయ్య. టిక్కు పెడితే అదీ సరే, తీస్తే ఇదీ సరే అంటుందని వివరించాను. ముగ్గురూ తెరకేసి వంగి ఆ గడిని చూశారు.

"ఐతే దానికీ తెల్దేటి" అన్నారు మావయ్య. దానికి మనం చెప్పిందే తెలుసన్నాను. మాస్టారు, తను ఆ రోజు చెప్పిన తీర్పు కూడా అదేనని గోడతో అన్నారు.

నాకు ఏం పూనిందో, ముగ్గురి పేర్లనూ కంప్యూటర్ మనుషులుగానే పెట్టేశాను. మావయ్యకు కూడా అత్తయ్య చెప్పిన అంకెలే ఇచ్చాను. ఆసు గడిలో టిక్కు పెట్టాను. మనమెవరం ముట్టుకోవద్దు, వాటినే ఆడనిద్దాం, చూడండి అన్నాను. చూడ్డానికి అభ్యంతరం లేదన్నారు మావయ్య.

ముగ్గురు పెద్దమనుషులు నులకమంచం మీద వరసగా కూర్చుని, తమ పేర్లు తమలో తాము ఆడుకుంటుంటే చూశారు. ఎవరి పేరు వాళ్ళకు దేవుడైపోయింది. పెదనాన్న పేరు మంచి ముక్క పారేస్తే పెదనాన్న నెత్తి కొట్టుకున్నారు. మాస్టారి పేరు ఎంతకీ ముక్క వెయ్యదు. గది ఉక్కిరిబిక్కిరైపోయింది. చివరికి మావయ్య ఓపిక పట్టలేక, "కొట్టండి మాస్టారూ" అని తెరను కాక పక్కనున్న మనిషినే కసిరారు. మాస్టారు, "నా సేతిలో ఏటుంది" అన్నారు. ఇద్దరూ మాట్లాడుకున్నామని ఆలస్యంగా గ్రహించి తల తిప్పుకున్నారు.

మూడో ఆటలో మావయ్య పేరు ఆట ముగించింది. ముక్కలు తెరమీద పరుచుకున్నాయి. మొదట మూడు తొమ్మిదులు. వాటి పక్కన ఆఠీను రాజు, ఆఠీను ఆసు, ఆఠీను రెండు.



"సూడు బావా" అన్నారు పెదనాన్న, చాలా మెత్తగా. "నువ్వే ఎట్టినావు."

"ఆడు నాను కాదు" అన్నారు మావయ్య. లేచి తెర దగ్గరికి వెళ్ళి, తన పేరు కింద అంకెలు చూపించమన్నారు. చూపించాను. "తెలివి ఆరెట్టింది ఎవులు. ఆరు తెలివోడు మరలాగే ఆడతాడు."

"నానే" అంది అత్తయ్య వంటింట్లోంచి.

ముందు మాస్టారు నవ్వారు. ముప్పయ్యేళ్ళలో ఆయన అలా నవ్వడం ఎవరూ చూడలేదట. మంచం పట్టె పట్టుకుని వంగిపోయారు. పెదనాన్న కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. మావయ్య కాసేపు బిగబట్టి, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఇక ఆపుకోలేక బావగారి వీపు మీద ఒక్కటి చరిచారు. అత్తయ్య అందరికీ టీ తెచ్చింది. అన్నయ్యకు గ్లాసు ఇస్తూ అలా నిలబడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ అరుగు మీదికి చేరారు. కంప్యూటర్ గదివైపు ఎవరూ రాలేదు. ప్రతి ఆటకూ ముందు, ఈసారి టిక్కుందా లేదా అని అడిగి పంచడం మొదలుపెట్టారు. ఆ మాట చుట్టుపక్కల అరుగుల మీదికి కూడా పాకింది. కంప్యూటర్ ఎరగని వాళ్ళు కూడా టిక్కు పెట్టుకుని ఆడేవారు.

వారం తర్వాత మావయ్య నన్ను పిలిచి, నాలుగో చెయ్యి కావాలన్నారు. ఆ అరుగు మీద మధ్యాహ్నంపూట ఆడవాళ్ళు కూర్చోరు. నేను అత్తయ్య మొహం చూశాను. అన్నం వార్చుకోవడం తను చూసుకుంటానని ఆవిడ నా చేతిలోంచి చిల్లులగరిటె లాక్కుంది. మాస్టారు జరిగి చోటిచ్చారు. ఆ మొదటిరోజు ఏడు ఆటలాడి ఏడూ ఓడాను. అంత సంతోషంగా ఎప్పుడూ ఓడలేదు.

మా ఆయన ఉద్యోగం టెక్కలికి మారేదాకా, రెండేళ్ళు ఆడాను. రెండో ఏడు నా కూతురు ఒళ్ళో ఉండేది. పళ్ళు వస్తున్న రోజుల్లో జోకరు అంచు కొరికేసింది. వెనకనుంచి చూసినా అది జోకరని నలుగురికీ తెలిసిపోయేది. ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసి, అందరం తెలియనట్టు నటిస్తూ ఆడేవాళ్ళం. నేను పలాస నుంచి కొత్త పేక తెప్పిస్తానంటే మావయ్య ఒప్పుకోలేదు. మనవరాలు పంటిగాటు పెట్టిన ముక్క ఊళ్ళో ఇంకెవరి దగ్గర ఉందో చూపించమన్నారు.