తప్పు చేసినవాడి టీ

గాలి బాబాయ్‌కి ఈత రాదు. ఇరవై రెండేళ్లుగా సముద్రంలో మునిగేవాళ్ల సిలిండర్లలో గాలి నింపుతున్నాడు గానీ, తను మాత్రం మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగిన పాపాన పోలేదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "దర్జీ గౌన్లు కుడతాడు, తొడుక్కుని తిరుగుతాడా?" అని నోరు మూయించేవాడు. ఆయన భార్య మాత్రం, "ఈ మనిషి ఇన్నేళ్లలో గాలి తప్ప ఏం పోగేశాడు?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ డైవింగ్ షాపులో ఓనరమ్మ పెట్టిన పద్ధతి ఒకటుండేది. పడవ తిరిగొచ్చాక, ఆ రోజు తప్పు చేసినవాళ్లే అందరికీ టీ పెట్టాలి. ఆ టీ చల్లారేలోపు తప్పేమిటో చెప్పేయాలి. గాలి మీటరు చూసుకోవడం మరిచినవాడు, తోటివాణ్ణి గాలికొదిలేసి చేపల వెంట పడ్డవాడు, ఆఖరికి ఓనరమ్మ కూడా, అందరూ ఎప్పుడో ఒకప్పుడు పెట్టినవాళ్లే. విన్నవాళ్లు తప్పును తిట్టకూడదు. టీని మాత్రం ఎంతైనా తిట్టొచ్చు. "ఇది టీయా, డైవింగు సూట్లు ఉతికిన నీళ్లా?" అని అంటుంటే, చెప్పినవాడి గుండె బరువు దిగిపోయేది, మిగతావాళ్లకి ఆ తప్పు జన్మలో మరుపొచ్చేది కాదు.

ఒక్క బాబాయే ఇన్నేళ్లలో ఒక్కసారీ టీ పెట్టలేదు. అదొక పెద్ద బిరుదులా మోసుకు తిరిగేవాడు. "నా చేతి టీ తాగాలంటే పెట్టి పుట్టాలర్రా" అని కాలు మీద కాలేసుకునేవాడు. కొంప ముంచింది ఆ బడాయే.

కంప్రెసర్ ఉన్నది వెనక గదిలో. అది గాలి పీల్చుకునే గొట్టం గోడలోంచి సందులోకి ఉంటుంది. మోటారు వేసే ముందు తొమ్మిది మెట్లు దిగి, సందులో ఏ బండీ ఆగి లేదని కళ్లారా చూసుకోవాలి. ఆ మంగళవారం బాబాయ్‌కి మోకాలు సలుపుతోంది. తలుపు దగ్గరే నిలబడి చెవి ఒగ్గి, ఏ చప్పుడూ లేదనుకుని మోటారు వేశాడు. పన్నెండు సిలిండర్లు నింపి మోటారు ఆపాక వినిపించింది, గొట్టం కింద గుర్రుగుర్రుమంటున్న ఐసు వ్యాను. ఎప్పుడొచ్చి ఆగిందో ఏమో, డ్రైవరు ఇంజను ఆపకుండా లోపల హాయిగా నిద్రపోతున్నాడు.

కంప్రెసర్ ఫిల్టరు నూనె వాసనను ఆపుతుంది గానీ, బండి పొగలోని విషాన్ని ఆపదు. లోతుకి వెళ్లేకొద్దీ అది మరింత పట్టేస్తుంది. ఆ సంగతి బాబాయ్‌కి తన పేరు కంటే బాగా తెలుసు. పదకొండు సిలిండర్లు పక్కన పెట్టేశాడు. మిగిలిన ఒక్కదాన్నీ మోటారు ఆగకముందే ఎవరో పట్టుకెళ్లారు, అది అప్పటికే పడవెక్కింది. పడవకి రేడియోలో ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెబితే సాయంత్రం టీ పెట్టాలి. ఇరవై రెండేళ్ల బడాయి నీళ్లపాలు. "ఒక్క సిలిండరే కదా, ఏమవుతుందిలే" అనుకున్నాడు.

ఆ సిలిండరు ఒక లెక్కల మాస్టారి వీపు మీదికెక్కింది. పద్దెనిమిది మీటర్ల లోతులో ఆయనకి స్పృహ తప్పింది. ఎలాగో పైకి తెచ్చి ఆసుపత్రిలో పడేశారు. బతికాడు. నీళ్లలో ఏం జరిగిందో మాత్రం ఆయనకి గుర్తులేదు.

ఆ సాయంత్రమే బాబాయ్ ఓనరమ్మ గదిలో అంతా కక్కేశాడు. అక్కడ ఆవిడ మరిది కూడా ఉన్నాడు. లాయరు. మాట బయటికి రాకుండా చూడడమే ఆయన వృత్తి.

"ఇంకెవరికైనా చెప్పావా బాబాయ్?"

"లేదు."

"ఇక చెప్పకు. నువ్వు నోరు విప్పావంటే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు, షాపు మూత. వదినా, నీకూ అదే చెబుతున్నా. ఈ టీ పంచాయితీ కూడా ఈ రోజుతో సరి. ఆ పదకొండూ ఖాళీ చేసెయ్ బాబాయ్."

ఓనరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ మీద ఆధారపడ్డ ఇళ్లు తొమ్మిది. వాటిలో బాబాయ్ ఇల్లూ ఒకటి.

ఆ తర్వాత నాలుగైదు రోజులు షాపులో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అంటే, ఎవరూ చెప్పలేదు. శుక్రవారం ఒక సిలిండరు వాల్వు దగ్గర బుస్సుమని కారుతోంది. ఎవడో వాడి, గుట్టుచప్పుడు కాకుండా మంచివాటి మధ్య పెట్టేసి పోయాడు. దాన్ని బాబాయ్ విడిగా తీసి పెట్టాడు. ఎవడో ఒకడు చచ్చేదాకా వీళ్లు ఇలాగే ఉంటారని అర్థమైంది. పదకొండు సిలిండర్లున్న గదికి తాళం వేసి, తాళంచెవి బనీను జేబులో వేసుకున్నాడు. లాయరు అడిగినప్పుడల్లా "మోకాలు నొప్పి బాబూ, రేపు చేస్తా" అని నీళ్లు నమిలాడు.

సోమవారం మాస్టారూ, ఆయన భార్యా వచ్చారు. మాస్టారు తన కంగారు వల్లే ప్రమాదం జరిగిందని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు, ఆసుపత్రి ఖర్చు షాపే భరిస్తుందని లాయరు అంతకుముందే కబురు పంపాడు. ఓనరమ్మ గది తలుపు పక్కన నిలబడ్డ బాబాయ్‌కి ప్రతి మాటా వినిపిస్తోంది.

"ఈయనకి బల్లిని చూస్తేనే వణుకు. సముద్రం ఎందుకండీ అంటే విన్నారా?" అంది ఆవిడ.

మాస్టారు తలెత్తలేదు. "నా పిరికితనం వల్ల మీ షాపుకి మాటొచ్చింది. క్షమించండమ్మా" అన్నాడు ఓనరమ్మతో.

బాబాయ్‌కి ఏడుపొచ్చింది. తన మీద తనకే అసహ్యమేసింది. వంటగదిలోకి వెళ్లి గిన్నె పొయ్యి మీద పెట్టాడు. టీ పొడి ఎక్కడుంటుందో కూడా ఆయనకి తెలియదు. గిన్నెల చప్పుడుకి వచ్చి చూసిన డైవర్లు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ట్రే పట్టుకుని గదిలోకి వెళ్లేసరికి మాస్టారి చేతిలో పెన్ను ఉంది. ఓనరమ్మ ముందు ట్రే చూసింది, తర్వాత అది పట్టుకున్న చేతుల్ని చూసింది.

"ఇప్పుడు టీ ఎవరడిగారు?" అన్నాడు లాయరు.

"ఆ కాగితం తియ్యి" అంది ఓనరమ్మ. "తియ్యమన్నానా! టీ చల్లారిపోతుంది."

బాబాయ్ నిలబడే చెప్పాడు. మోకాలు, వ్యాను, పన్నెండు సిలిండర్లు, చెయ్యని రేడియో పిలుపు, ఎందుకు చెయ్యలేదో కూడా. చెప్పి, బనీను జేబులోంచి తాళంచెవి తీసి మాస్టారి ముందు పెట్టాడు. "మిగతా పదకొండూ అలాగే ఉన్నాయి బాబూ. ఎవరి చేతైనా పరీక్ష చేయించుకోండి."

లాయరు తల పట్టుకున్నాడు. మాస్టారు తాళంచెవి వైపు చూడనే లేదు, భార్య వైపు తిరిగాడు. "అయితే నేను భయపడలేదన్నమాట" అన్నాడు. ఆవిడే తాళంచెవి తీసి తన పర్సులో వేసుకుంది.

ఓనరమ్మ కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. ఆవిడ కళ్లు నిండిపోయాయి.

"ఇరవై రెండేళ్లు ఆగింది ఈ టీ కోసమా బాబాయ్? నోట్లో పెట్టుకునేలా లేదు."