మామయ్య రగ్గు కింద కోడిపిల్లలు

మొన్న జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చే బస్సులో నా సీటు కింద ఉన్నవి: నా టిఫిన్ క్యారేజీ, పక్కనున్న పెద్దావిడ చేతిసంచి, ఆవిడదే చిల్లులు పొడిచిన అట్టపెట్టె. పెట్టెలోంచి కిచకిచలు, తౌడు కలిసిన వెచ్చటి వాసన. ఆ వాసనతో మేనత్త ఇల్లు గుర్తొచ్చింది.

అప్పట్లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తూ, నందిగామలో ఆ ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఇల్లంటే ఒక గది, వంటకు ఒక మూల. వసారా నిండా ఇంటిగలవాళ్ళ మిరపకాయ బస్తాలు. గదిలో నులకమంచం, రెండు ట్రంకుపెట్టెలు, ఉబ్బసంతో మామయ్య. అత్తయ్య తన పుట్టింటి నుంచి, అంటే మా ఇంటి నుంచి, ఒక కోడిపెట్టను తెచ్చుకుని పెరట్లో పొదగేసింది. పిల్లలు లేచిన వారంలోనే, ముసురు పట్టిన సాయంత్రం, పెట్టను కుక్క ఎత్తుకుపోయింది. పిల్లల్ని కొంగులో వేసుకుని లోపలికొచ్చింది అత్తయ్య.

“ఈ నూగు నాకు పడదు. రేప్పొద్దున ఎవరికన్నా ఇచ్చెయ్,” అన్నాడు మామయ్య.

“ఈ చలికి రేపటిదాకా బతికితే గదండీ,” అని అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

నా చదువు అక్కరకొచ్చిందనుకున్నాను. సబ్బుల చెక్కపెట్టెలో ఎత్తు కొలిచి మరీ అరవై వాట్ల బల్బు వేలాడదీశాను. పిల్లలు దాని కింద హాయిగా పరుచుకున్నాయి. “చూసారా మామయ్యా!” అన్నానో లేదో కరెంటు పోయింది. వానొస్తే నందిగామలో కరెంటుండదన్న సంగతి నేను లెక్కలో వేసుకోలేదు.

పెట్టె చల్లబడగానే పిల్లలు ఒక మూలకు చేరి ఒకదాని మీదొకటి ఎక్కసాగాయి. అడుగునున్నవి నలిగి చస్తాయని అత్తయ్య గబగబా పెట్టెను పక్కకు ఒరిగించింది. అవి గదంతా పరుగెత్తి, వెచ్చగా ఉన్న ఒకే ఒక్క చోటు కనిపెట్టాయి. మంచం మీద రగ్గు కప్పుకుని, కాళ్ళు కిందికి దించి కూర్చున్న మామయ్య పాదాల మధ్య దూరాయి. కిచకిచలు ఆగిపోయాయి.

“కదలకండి, తొక్కేస్తారు!”

“నన్ను పెట్టను చేసారు గదే, నువ్వూ నీ మేనల్లుడూ!”

“పెట్టయితే ఇన్ని మాటలు మాట్లాడదు,” అంది అత్తయ్య.

మామయ్య దగ్గు తెరను తువ్వాలులో అణుచుకున్నాడు. అన్నం కలిపి చేతికిస్తే అక్కడే తిన్నాడు. కరెంటొచ్చాక నేను పెట్టె తేబోతే, “ఉండవయ్యా అల్లుడూ, ఇప్పుడే కునుకు తీస్తున్నాయి,” అన్నాడు. తెల్లవారాక ఎవరికో ఇచ్చెయ్యాలన్న మాట మళ్ళీ రాలేదు.

ఆ ముసురు ఎన్నాళ్ళుందో, అత్తయ్యా మామయ్యా ఆ గదిలో ఎన్నేళ్ళున్నారో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. గడిచిన కాలాన్ని కొలవడం నాకు చేతకావడం లేదు. కోడిపిల్లలు మాత్రం తొమ్మిది. తొమ్మిదీ పెరిగాయి.