స్థలం లేని ఇల్లు చూడటానికి వాంగనుయి వెళ్ళొచ్చాం

వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌ని ఓనరు అమ్మకానికి పెట్టిన వారంలోనే, నా భార్య సుజాతకి వాంగనుయి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం ఖాయమైంది. అది 2016 శీతాకాలం. వెల్లింగ్టన్ చుట్టుపక్కల ఏ ఇంటికి ఆఫర్ పెట్టినా మాకంటే ముందు ఎవరో ఎగరేసుకుపోతున్నారు. సరే, వాంగనుయిలోనే కొనుక్కుందాం అనుకున్నాం. వాంగనుయి నది ఒడ్డున ఉన్న పాత ఊరు. నూరేళ్ళ నాటి చెక్క ఇళ్ళకి పేరు.

ఆన్‌లైన్‌లో ఒక ఇంటి ఫోటోలు చూసి ఇద్దరం మంచం మీద లేచి కూర్చున్నాం. రంగు అద్దాల కిటికీలు, ఎత్తైన గదులు, వరండా అంచు పొడవునా చెక్కలో చెక్కిన తీగలు. ధర మాత్రం మామూలు కారు ధరలా ఉంది.

"టైప్ చేసేటప్పుడు ఒక సున్నా మర్చిపోయారేమో," అంది సుజాత.

కింద 'ఫర్ రిమూవల్' అని ఉంది. సామాన్లు వాళ్ళే ఖాళీ చేసి ఇస్తారు కాబోలు అనుకున్నాం.

శనివారం పొద్దున్నే లోకల్ ట్రైన్‌లో వెల్లింగ్టన్ స్టేషన్‌కి వచ్చి, అక్కడ ఎనిమిదింటి బస్సెక్కాం. టికెట్లు ముందే బుక్ చేసుకుంటే చవక. తినడానికి పులిహోర, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళాం. ఎడమవైపు సీట్లు తీసుకోండి, ఊరు దాటాక చాలాసేపు సముద్రం పక్కనే వస్తుంది.

మా పక్క వరసలో కూర్చున్న పెద్దావిడ స్వెట్టర్ అల్లుకుంటూ ఎక్కడికని అడిగింది. ఇల్లు చూడటానికని చెప్పి, ఫోన్‌లో ప్రకటన చూపించాను.

"ఓ, రిమూవల్ ఇల్లా! ఎంత దూరం తీసుకెళ్తున్నారు?"

సామాన్ల గురించి అనుకుని, "లోవర్ హట్‌కి, వాంగనుయికి మధ్య ఉన్నంత దూరమండీ," అన్నాను.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. "అమ్మో, ఆ రోడ్డు చాలా ఇరుకు కదా," అని మళ్ళీ అల్లికలో పడిపోయింది. మా సోఫాకి రోడ్డు ఇరుకేమిటో నాకు అర్థం కాలేదు.

పన్నెండు దాటాక వాంగనుయిలో దిగి, నది పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళాం. వీధి మలుపు తిరగగానే సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎదురుగా ఒక ఇల్లు నిలువునా రెండు ముక్కలై ఉంది. కూల్చినట్టు కాదు, కత్తితో కేకు కోసినట్టు. ఒక ముక్క లారీ మీద ఉంది. అందులో వంటగది గోడకి పూల కాగితం, క్యాలెండర్ తగిలించే మేకు కనిపిస్తున్నాయి. రెండో ముక్క ఇనుప దూలాల మీద గాల్లో ఉంది.

"ఏంటిది? మన ఇల్లేనా?" అంది సుజాత.

మేం చూడబోయేది కాదు, పక్కది. మా ఇల్లు దాని పక్కనే చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న ముసలావిడ జాయిస్, ఇంటి యజమాని. ఆవిడే అసలు సంగతి చెప్పింది. నేల ఎప్పుడో అమ్మేశారు. అక్కడ వరసగా చిన్నచిన్న కొత్త ఇళ్ళు కడతారు. అమ్మకానికున్నది పైనున్న ఇల్లు మాత్రమే. కొన్నవాళ్ళు కోయించుకుని, లారీ మీద తమ స్థలానికి పట్టుకుపోవాలి.

"మీ స్థలం ఎక్కడ?" అని అడిగింది.

"మాకు స్థలం లేదు," అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. మా నోళ్ళు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి.

మా అనంతపురంలో ముందు స్థలం కొంటారు, పూజ చేసి పునాది తవ్వుతారు, ఆ తర్వాతే ఇల్లు. నేలని వదిలి ఇల్లు నడిచిపోవడం నేను కలలో కూడా ఊహించలేదు. సుజాతకి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఇంత దూరం వచ్చింది దీనికా? పద, పోదాం."

జాయిస్ మాత్రం వదల్లేదు. టీ తాగి వెళ్ళమని లోపలికి తీసుకెళ్ళింది. హాల్లో రంగు అద్దాల వెలుతురు నేల మీద పడుతోంది. సుజాత గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

"ఎవరూ కొనకపోతే?" అని అడిగింది.

"నెలాఖరుకి కూల్చడానికి డిగ్గర్ మిషను వస్తుంది. ఒక పూటలో అయిపోతుందట," అంది జాయిస్, కప్పులోకి చూస్తూ. "నేను ఆ గదిలోనే పుట్టాను."

సుజాత నా వైపు తిరిగింది. "ఇంత మంచి ఇంటిని పగలగొట్టేస్తారా?"

జాయిస్ నంబరు తీసుకుని, మూడింటి బస్సుకి పరుగెత్తాం.

దారిలో లెవిన్ అనే ఊరు వచ్చింది. అక్కడ బస్సు కాసేపు ఆగింది. కూర పెట్టి కాల్చిన వేడి 'పై'లు కొనుక్కుని బయట చలిలో నిలబడ్డాం.

"వాంగనుయి బయట చిన్న స్థలం దొరక్కపోదు," అంది. "ఇల్లు పెట్టుకునేదాకా ఊళ్ళో అద్దెకుందాం. జాయిస్‌ని రెండు వారాలు ఆపమని అడుగుతా."

నేను కాదనడానికి మాటలు వెతుక్కుంటుండగానే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"అయ్యో పిల్లా," అంది జాయిస్. "మీరు వెళ్ళిన కాసేపటికే ఒక రైతు వచ్చాడు. తీసుకున్నాడు. రాయెటిహి అనే ఊరి దగ్గర వాళ్ళ పొలంలో పెట్టుకుంటాడట."

మధ్యాహ్నం వద్దని తిట్టిన ఇంటికోసం సుజాత కళ్ళు తుడుచుకుంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"జాయిస్, ఆయనకి ఒక మాట చెప్తారా? వాకిలి తూర్పు వైపుకి వచ్చేలా పెట్టమనండి."

"ఎందుకు?"

"పొద్దున్నే వెలుతురు ఇంట్లోకి వస్తుంది."

"తప్పకుండా చెప్తాను," అంది జాయిస్.

మీరెవరైనా వాంగనుయిలో పాత ఇంటికోసం వెళితే, ప్రకటనలో 'రిమూవల్' అన్న మాట ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే, మొదట స్థలం వెతుక్కోండి. మేం వెల్లింగ్టన్‌లో దిగేసరికి చీకటి పడి గాలి ఊపేస్తోంది. ఇంటికి వెళ్ళే ట్రైన్‌లో సుజాత నా భుజం మీద తల వాల్చి, ఫోన్‌లో ఖాళీ స్థలాలు వెతుకుతూ కూర్చుంది.