పుట్ట లేని నాగులచవితి

ఇవాళ పక్కింటివాళ్ళు చిమ్మిలి ఇచ్చారు. నువ్వులూ బెల్లమూ కలిసిన ఆ వాసన తగలగానే గిన్నె మీద మూత పెట్టేశాను.

మన దివిసీమలో నాగులచవితి పొద్దున తడిబట్టలతో చేలగట్టు మీది పుట్టకి వెళ్ళేవాళ్ళం, గుర్తుందా నేస్తం? మా నానమ్మ ఇత్తడి చెంబుతో పాలు పోసి, తడిసిన పుట్టమన్ను మా చెవులకు రాసేది. "పిల్లలు చీకట్లో తెలియక తొక్కుతారు, కాటెయ్యకు తండ్రీ" అని ఏటా అదే మొక్కు.

తొంభైల్లో చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఒక ఎండాకాలం మా పొలంలోకీ పొక్లెయిన్ వచ్చింది. నానమ్మ పుట్టకి అడ్డంగా నిలబడి, "ఈ గట్టొక్కటీ వదిలెయ్యరా" అంది నాన్నతో.

"చెరువు మధ్యలో పుట్టేంటమ్మా? అందరూ తవ్వుకుంటుంటే మనమే పిచ్చోళ్ళమా? పక్కకి రా."

ఒక్క తోపుకి పుట్ట లేచిపోయింది.

ఆ వానల్లోనే, వంటింట్లో పొయ్యి పుల్లల కుప్పలో చెయ్యి పెట్టిన మా అత్తని పాము కరిచింది. అత్త నానమ్మకి ఆఖరి కూతురు. అవనిగడ్డ ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

మళ్ళీ చవితి వచ్చింది. నానమ్మ చెంబు పట్టుకుని వంటింట్లోకే వెళ్ళి, ఆ పుల్లల ముందు కూర్చుంది. చెంబు ఒళ్ళోనే ఉంచుకుంది.

"మొక్కుకోమ్మా" అన్నాడు నాన్న గుమ్మంలోంచి, నెమ్మదిగా.

"తెలియక తొక్కితే కాటెయ్యొద్దని మొక్కేదాన్నిరా. తెలిసే తొక్కాం. ఇప్పుడేమని మొక్కను?"

పాలు గచ్చు మీద వంచేసింది. అవి ఇంకడానికి అక్కడ మన్ను లేదు. మా చెవులకు రాయడానికీ లేదు.