ఎడమకి తిప్పితే టకటక

ఆ రోజుల్లో కారు కొనడమంటే ఇంట్లోకి ఇంకో మనిషిని తెచ్చుకోవడమే. దానికి తిండి పెట్టాలి, స్నానం చేయించాలి, జబ్బు చేస్తే ఊళ్ళోవాళ్ళందరూ వచ్చి తలో వైద్యమూ చెబుతుంటే బుద్ధిగా తలూపాలి. మా పెదనాన్న సెకండ్ హ్యాండులో కొన్న తెల్లకారుకి వచ్చిన జబ్బేమిటంటే, ఎడమవైపు తిరిగిందంటే ముందుచక్రం దగ్గర 'టక్... టకటక' అనేది. కుడికి తిప్పితే కిక్కురుమనేది కాదు. నేనప్పుడు రాజమండ్రిలో డిగ్రీ పరీక్షలు రాసేసి, నిడదవోలు దగ్గర పెదనాన్న వాళ్ళింట్లో తిని కూర్చున్నాను. నాకున్న ఒకే ఒక్క కోరిక ఆ కారు నడపడం. "ఆ చప్పుడు పోయేదాకా నీకు స్టీరింగ్ ఇచ్చేది లేదమ్మాయ్" అనేశాడు పెదనాన్న. (అది ఎప్పటికీ పోదని ఆయన ధీమా.) రిజల్ట్స్ వస్తే నన్ను బీఎడ్‌కి ఎక్కడికో పంపేస్తారు, ఇక కారూ లేదు, నేనూ లేను.

చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియాలంటే కారు నడుపుతూ వినాలి కదా. కానీ మా వైపు ఖాళీ కారులో పోతూ తెలిసినవాళ్ళని ఎక్కించుకోకపోతే పొగరని పేరొస్తుంది. గేటు దాటగానే ఎవరో ఒకరు "ఎక్కడికండీ?" అనేవారు. "ఎక్కడికీ లేదండి, చప్పుడు వినడానికి. రండి, ఎక్కండి" అనేవాడు పెదనాన్న. కాలవగట్టు ఎక్కేసరికి కారు నిండిపోయేది. ఎక్కినవాళ్ళందరూ ఆ చప్పుడు గురించే ఎంత గట్టిగా వాదించుకునేవారంటే, అసలు చప్పుడు ఒక్కరికీ వినపడేది కాదు. "ఏదండీ, ఏం లేదే! మీ అనుమానం గానీ" అని ఎవరి పనిమీద వాళ్ళు దిగిపోయేవారు.

సెంటర్లో మెకానిక్‌ని మేము షాకబ్జర్ గారనేవాళ్ళం. ఏ బండి తీసుకెళ్ళినా, ఆఖరికి హారన్ మోగకపోయినా, షాకబ్జర్లు పోయాయనేవాడు. మాకూ అవే మార్చాడు. చప్పుడు ఇంకా స్పష్టంగా వినపడసాగింది. అప్పుడు మా లావు మావయ్య (పెద్దమ్మ తమ్ముడు) రంగంలోకి దిగాడు. "నా మోకాళ్ళు ఆముదంతోనే దారికొచ్చాయండి బావగారూ" అని చక్రం వెనకాల కనపడిన రబ్బరుకల్లా గిన్నెడు ఆముదం పట్టించాడు. కొన్నాళ్ళు కారు నోరు మూసుకుంది. తరవాత టకటక కాస్తా దడదడ అయింది.

అంతలో పెదనాన్న ఓ గొప్ప సంగతి కనిపెట్టాడు. మావయ్య ముందు ఎడమ సీట్లో కూర్చుంటే, ఆ బరువుకి చప్పుడు రావడం లేదు! అంతే, మావయ్య మా కారుకి స్పేర్ పార్టయిపోయాడు. పెళ్ళికెళ్ళినా మావయ్యే, పరామర్శకెళ్ళినా మావయ్యే, యానాం వెళ్ళినా మావయ్యే. (యానాంలో మందు చవకన్న సంగతి పెద్దమ్మకి చెప్పేవారు కాదు. ఆవిడ అడిగేదీ కాదు, చూసే చూపు వేరే ఉండేది.) వచ్చేటప్పుడు ఆత్రేయపురం మీదుగా వచ్చి ఆయనకి పూతరేకులు పెట్టించాలి. నెయ్యి కారుతున్న పూతరేకులు తిని ఆయన ఇంకా బరువెక్కడం కారు ఆరోగ్యానికి మంచిదేనని పెదనాన్న సంబరపడేవాడు.

"చప్పుడు పోయిందిగా, మరి స్టీరింగ్?" అన్నాను.

"మావయ్య కూర్చుంటే కదా పోయింది! నువ్వు నడిపితే ఆయన ఎక్కనంటున్నాడే."

"నాకు పిల్లలున్నారమ్మా" అన్నాడు మావయ్య, పూతరేకు నోట్లో పెట్టుకుంటూ.

పెరట్లోకి పోయి కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. ఏడుపయ్యాక ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఇంజను ఆపించి, వాకిట్లో గోనెపట్టా పరిచి, కారు ముందు బోర్లా పడుకున్నాను. "ఆడపిల్ల నడివీధిలో కారు కింద దొర్లడమేంటే, తల కొట్టేసినట్టుంది నాకు!" అని పెద్దమ్మ అరుగు మీంచి కేకలు. "ఎవరూ మాట్లాడకండి" అని నేను ఆవిడకంటే గట్టిగా అరిచాను. పెదనాన్న స్టీరింగ్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పాలి, మావయ్య బానెట్ మూల నొక్కి వదలాలి, నేను ఒక్కొక్క జాయింటు మీదా వేలు పెట్టి చూస్తాను. ఇది కదల్లేదు, అది కదల్లేదు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ చివర, రబ్బరు గుబ్బలాంటి బుష్ మీద వేలు పెట్టగానే లోపల్నించి ఠక్కున తగిలింది. నాడి దొరికింది! బుష్ ఆముదం తాగి తాగి, నానిన మినప్పప్పులా ఉబ్బి చితికిపోతోంది.

"మావయ్యా, ముందే అరిగిపోయి ఉంది, మీ ఆముదం దాన్ని పూర్తిగా చంపేసింది!"

"అదేంటమ్మా, మోకాళ్ళకి పనిచేసిందే" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

షాకబ్జర్ గారు కొత్త బుష్ వేస్తూ "నేను ముందే అనుకున్నానండి" అన్నాడు. వాడి మొహం, వాడేం అనుకోలేదు.

చప్పుడు పోయింది. మాట తప్పితే పెద్దమ్మ ఊరుకోదని (ఆడపిల్లకి కారేంటని సణిగింది కూడా ఆవిడే లెండి) పెదనాన్న ఖాళీ చేల పక్కన కొన్నాళ్ళు నేర్పించి, ఓ పొద్దున్న నన్ను రోడ్డెక్కించాడు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని అలవాటుగా గేటు దగ్గరికొచ్చిన మావయ్య మొహం చూస్తే జాలేసి, వెనకసీట్లో ఎక్కించుకున్నాం. కాలవ లాకుల దగ్గర ఎడమకి తిప్పాను. కారు కిమ్మనలేదు. పక్క సీట్లోంచి "అమ్మా!" అనీ, వెనకనుంచి "ఓరి నాయనో!" అనీ రెండు కేకలు మాత్రం కాలవ అవతలివాళ్ళకి కూడా వినపడ్డాయి. ఇంటికొచ్చాక పెద్దమ్మ "చప్పుడు పోయిందా?" అంది. పెదనాన్న కండువాతో మొహం తుడుచుకుని "కారుది పోయింది, నాది మొదలైంది" అన్నాడు. తాళంచెవి మాత్రం నా దగ్గర్నించి తీసుకోలేదు.

ఇప్పుడు నా కారు కాస్త మూలిగితే చాలు, షోరూముకి ఫోను చేసి, వాళ్ళ ఏసీ గదిలో కూర్చుని కాఫీ తాగుతాను. ఏం మార్చారో కూడా అడగను. వీధంతా చూస్తుంటే గోనెపట్టా మీద బోర్లా పడుకుని పెద్దవాళ్ళని నోరు మూసుకోమన్న ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దానికి నన్ను చూపిస్తే, కారు తాళాలు నాకు ఇవ్వదుగాక ఇవ్వదు.